ఒక గీత ఎక్కువ

రెండు చేతులూ ఖాళీగా ఉండకూడదు, అదీ నియమం. ఎడమచేతిలో టీ కప్పు, కుడిచేతిలో వెన్న రాసిన స్కోన్ రొట్టె పెట్టిన పళ్ళెం. ఆట తయారుచేసినవాడు గోడవారన ఈ కుర్చీలో కూర్చోవాలి, గంటసేపు కిమ్మనకూడదు. ఒకప్పుడు ఎవరో పెద్దమనిషి తన ఆట ఎవరు ఆడినా కుదురుగా ఉండలేక లేచి లేచి, అటు కాదు ఇటు, ఇటు కాదు అటు అంటూ ఆడేవాళ్ళ చేతుల్లోంచి జాయ్‌స్టిక్ లాక్కునేవాడట, అప్పటినుంచీ ఈ టీ, ఈ స్కోన్. చేతులు కట్టేయకుండానే కట్టేసినట్టు. నెవిల్ ట్రెంబాత్‌కి టీ తాగాలనే ఉంది, కానీ తాగితే కప్పు ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే క్లబ్బు పెద్ద స్టామ్ వచ్చి మళ్ళీ నింపుతాడు. గంటసేపు, ఈ పాత వీడియో ఆటల పెట్టెలో, స్టామ్ తెచ్చిన ఈ పాత డబ్బా టీవీ మీద, పదిమంది చేతుల్లో పడి కూడా ఆట ఆగకుండా నడిస్తే వాలరూ క్లబ్బువాళ్ళు దానికి రంగుల అట్ట వేసి అలమరలో మిగతా క్యాసెట్ల పక్కన నిలబెడతారు, నడవకపోతే మళ్ళీ వసంతం దాకా ఆగమంటారు. ఆగడానికేం, నాలుగేళ్ళు పట్టింది, అయిదోది పడుతుంది. భయం అది కాదు. భయం వంటగదిలో ఉంది, అతని భార్య రూపంలో స్కోన్లకు వెన్న రాస్తోంది, కూనిరాగం తీస్తోంది, దానికి ఇంకా ఏమీ తెలియదు.

హాల్లో జాయ్‌స్టిక్ ట్రూడీ చేతిలో ఉంది. మొదట ట్రూడీకే ఇస్తారు, ఎందుకంటే ఏ ఆటనైనా పడగొట్టడం ఆమెకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. అంబులెన్సు నడిపే మనిషి, ముందుకు వెళ్ళమంటే వెనక్కు వెళుతుంది, గోడలోకి దూరుతుంది, మీట నొక్కి పట్టుకుని ఆవలిస్తుంది, ముప్పై ఏళ్ళ కిందట తొమ్మిదో తరగతి లెక్కల క్లాసులో కూడా ఇంతే, నెవిల్ బోర్డు మీద ఏ సూత్రం రాసినా సున్నా పెడితే ఏమవుతుంది సార్ అని అడిగేది. "సార్, నేను ఉత్తరాలన్నీ రోడ్డు మీద పడేస్తే ఏమవుతుంది?" అని ఇప్పుడూ అడిగింది వెనక్కి తిరగకుండానే. నెవిల్ పళ్ళెం కాస్త పైకెత్తాడు. మాట్లాడకూడదుగా. "అదిగో, సార్‌కి చెమట పడుతోంది," అంది ట్రూడీ, జనం నవ్వారు. తెరమీద ఎర్ర సైకిలు వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ వెళ్ళింది, ఆట ఆగలేదు, బొమ్మ తెరమీద పైకీ కిందికీ దొర్లలేదు. కాగితం మీద గళ్ళు నింపి చేసిన సైకిలది, ఎనిమిది గళ్ళ వెడల్పు. పసుపు హెల్మెట్, దానిమీద నిక్కబొడుచుకున్న మూడు పుల్లలు.

ఆ పుల్లలు. ఎన్ని వసంతాలు ఆ పుల్లలు పొద్దున్నే గుమ్మంలో అతని మొహానికి గుచ్చుకున్నాయి, ముద్దుపెట్టుకోబోతే హెల్మెట్ తియ్యవు కదా రేలీన్ అంటే, తీస్తే మళ్ళీ పెట్టుకోవడం ఎవరు, నువ్వే పక్కకు తిరుగు అనేది. వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు, హెల్మెట్ కన్నాల్లోంచి పైకి దూర్చి బిగిస్తే ముళ్ళపందిలా ఉంటుంది, నెత్తిమీద పొడిచే మాగ్‌పై పిట్టలు దగ్గరికి రావని నమ్మకం. వచ్చేవి. గూళ్ళలో పిల్లలున్న ఆ ఆరువారాలూ నలుపుతెలుపు పిట్టలు ఊరంతా తమదే అనుకుంటాయి, వాటికి మొహాలు గుర్తుంటాయి, ముఖ్యంగా రోజూ అదే వేళకు అదే వీధిలో వచ్చే మొహం. చర్చి మూలన ఉండేదానికి రేలీన్ సార్జెంట్ అని పేరు పెట్టింది. ఓ రోజు చెవి పక్కన రక్తం కారుతుంటే ఇంటికొచ్చి, వంటగదిలో కూర్చుని పగలబడి నవ్వింది, సార్జెంట్‌కి ఇవాళ నా మీద పదోన్నతి వచ్చినట్టుంది నెవ్ అని. అతను దూదితో తుడుస్తూ తనూ నవ్వలేకపోయాడు. చెవి చిన్నది, వేడిగా ఉంది. ఎందుకు గుర్తుంటాయి ఇలాంటివి, పెళ్ళినాటి పూలు ఏవో గుర్తులేవు, చెవి మాత్రం ఉంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచుతూ ఆ వీధులు తొక్కింది. మోకాలు మొరాయిస్తే మానేసింది, అంతే, ఏడవలేదు, సైకిలు అప్పగించి ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంది. మర్నాడు మళ్ళీ చీకటితోనే లేచింది. లేచి ఏం చెయ్యాలో తోచక గిన్నెలు సర్దింది, సర్దినవే సర్దింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ మూడుచక్రాల బండి మీద ఓ కుర్రాడు వస్తాడు, వాడు రాగానే కిటికీ దగ్గర నిలబడి, చూడు నెవ్, ముందు పదకొండుకి వేసి ఆ తర్వాత తొమ్మిదికి వేస్తున్నాడు, ముందు గాలికి ఎదురెళ్ళి, వచ్చేటప్పుడు గాలివాటున రావాలి కదా, ఎవరూ చెప్పలేదా వాడికి అంటుంది, అని మళ్ళీ వంటగదిలోకి వెళ్ళిపోతుంది. వీడ్కోలు రోజున పోస్టాఫీసువాళ్ళు ఇచ్చిన కార్డు మీద లావుపాటి పోస్టమ్మ, నెత్తిన మాగ్‌పై, నాలుక బయటపెట్టి పరిగెడుతున్న కార్టూను. అందరూ నవ్వారు, రేలీన్ కూడా థాంక్యూ అంది. ఇంటికొచ్చాక ఆ కార్డు సొరుగులో బోర్లా పడి ఉండటం నెవిల్ చూశాడు. నిలబెట్టలేదు, చింపలేదు, బోర్లా పెట్టింది. ఆ బోర్లా పెట్టడం అతని మనసులోంచి పోలేదు. మరి నువ్వేం చేశావు నెవిల్ ట్రెంబాత్, నాలుగేళ్ళు షెడ్డులో తలుపేసుకుని ఇంకో కార్టూనేగా చేశావు, అదే హెల్మెట్, అదే పిట్ట, దీన్ని ఏ సొరుగులో బోర్లా పెడుతుంది.

కాదు, ఇది వేరు. వేరేననే అనుకున్నాడు మొదలుపెట్టిన రోజున. ఈ పెట్టె, మొహాన చెక్క అతికించినట్టుండే ఈ పాత పెట్టె, దీనికి బొమ్మ మొత్తం గుర్తుపెట్టుకునే శక్తి లేదు. టీవీలో వెలుగుముల్లు పైనుంచి కిందికి గీత గీతగా తెరను గీస్తూ పోతుంటే, ప్రోగ్రాము దాని పక్కనే పరుగెత్తుతూ, ఈ గీతలో సైకిలు చక్రం, ఈ గీతలో గేటు, ఈ గీతలో పిట్ట రెక్క అని అప్పటికప్పుడు అందించాలి. తర్వాత అనడానికి లేదు. రెప్పపాటు ఆలస్యమైతే చక్రం పక్కింటి గోడమీద పడుతుంది. దీని గురించి చదువుతుంటే ఓ పొద్దున అతని కళ్ళముందు రేలీన్ కనిపించింది, సైకిలు ఆపకుండా, కాలు కింద పెట్టకుండా, ఇంటి ముందు ఉత్తరాల డబ్బా దాటుతుండగానే ఉత్తరం లోపల, మళ్ళీ డబ్బా, మళ్ళీ ఉత్తరం, చెయ్యి తప్పదు, ఒక ఇంటిది ఇంకో ఇంటికి పోదు. ఈ పెట్టె చేసేది ఆమె పనే. అలా అనిపించాకే షెడ్డులో దీపం వెలిగింది. పెళ్ళైన కొత్తలో ఈ పెట్టె కొని తెచ్చినప్పుడు, ఆ చుక్కల్ని చూస్తూ కూర్చోడానికా ఇంత డబ్బు పోశావు అని తిట్టి, ఒక్కసారి కూడా ముట్టుకోని మనిషి ఆమె. ఆవిడకి ఆవిడ వీధుల్ని ఈ పెట్టెలో పెట్టి ఇవ్వాలని. గాలి కూడా పెట్టాడు, పశ్చిమం వైపు వెళుతుంటే సైకిలు కాస్త నెమ్మదిస్తుంది, సముద్రం అటేగా. రేలీన్‌కి తెలియకూడదు కాబట్టి ముందుగదిలో టీవీకి ఏ రోజూ తగిలించలేదు, ల్యాప్‌టాప్‌లో పాత పెట్టెను అనుకరించే ప్రోగ్రాము ఉంటుంది, అందులోనే ఆడిచూశాడు, అందులో అంతా సవ్యంగా ఉంది. ల్యాప్‌టాప్‌లో నడిచింది పెట్టెలో నడుస్తుందని నమ్మకు అని స్టామ్ ఏళ్ళ తరబడి అందరికీ చెబుతూనే ఉన్నాడు, నలభై ఏళ్ళు టీవీలు బాగుచేసినవాడు, అతనికి తెలుసు. నెవిల్‌కీ తెలుసు. కానీ రహస్యం రహస్యమే కదా.

వంటగది తలుపు కీచుమంది. రేలీన్ రెండో పళ్ళెం స్కోన్లతో బయటికి వచ్చింది, అందరికీ ఒక్కొక్కటి పెడుతూ, మోకాలు కాస్త లాగుతూ, తెరవైపు చూడలేదు, ఆమె ఎప్పుడూ చూడదు, ఇక్కడికి వచ్చేది స్టామ్ భార్య లేని లోటు వంటగదిలో తీర్చడానికి, నాలుగు కబుర్లకి. నెవిల్ దగ్గరికి వచ్చింది. "ఏంటి ఇంకా తినలేదు? నీదేగా ఇవాళ పరీక్ష. మొహం చూడు, పెళ్ళికొడుకులా ఉంది." నియమం ఇంత మంచిదని అతను ఎప్పుడూ అనుకోలేదు. అప్పుడు ట్రూడీ అరిచింది. "రేలీన్! ఇలా రండి, ఇది మీరేగా! హెల్మెట్ చూడండి, మీదేగా!"

రేలీన్ తిరిగింది. తెరమీద ఎర్ర సైకిలు చర్చి మూల దగ్గర నిలబడి ఉంది, ఇప్పుడు ఎవరూ తొక్కడం లేదు, మూడు పుల్లలు. ఆమె పళ్ళెం బల్లమీద పెట్టింది. కళ్ళద్దాలు నెత్తిమీంచి ముక్కుమీదికి దించింది. కిటికీలోంచి సముద్రపు గాలి పరదాను లోపలికి ఊపి మళ్ళీ బయటికి లాగింది. "ఇది బాయిల్ వీధి," అంది చివరికి. "ఇది చర్చి. మరి ఇది..." ఆగింది. అతని వైపు చూడలేదు. "జరుగు ట్రూడీ." కుర్చీలో కూర్చుని జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుంది, తలకిందులుగా. ట్రూడీ తిప్పిచ్చింది.

నవ్వలేదు. అదే అతను పట్టుకున్నాడు ముందు, నవ్వలేదు, కోపం కూడా లేదు, నోరు గట్టిగా మూసుకుని ఉంది, ఎదురుగాలిలో వెళ్ళేటప్పుడు ఉండేదలాగే, ఎన్నిసార్లు కారులో దాటుతూ చూశాడా మొహాన్ని, హారన్ కొట్టినా వినిపించుకునేది కాదు. మొదటి ఉత్తరం కంచె మీద పడింది. రెండోదీ. "మీట నొక్కి వదలాలి, పట్టుకోకూడదు," అని ట్రూడీ అంటే "నాకు చెప్తున్నావా ఉత్తరం వెయ్యడం?" అంది, హాలంతా గొల్లుమంది, మూడోది డబ్బాలో పడింది, టింగ్ అని చిన్న చప్పుడు. నాలుగోది. అయిదోది. ఇప్పుడు భుజం కదులుతోంది, సైకిలుతో పాటు వంగుతోంది, కుర్చీలో పెడల్ తొక్కుతున్నట్టు మడమ లేస్తోంది, నొప్పి ఉన్న మోకాలే, అది మరిచిపోయింది. పశ్చిమం మలుపు తిరిగింది, సైకిలు నెమ్మదించింది, "ఆఁ," అంది తనలో తను, "గాలి." ఒక్క మాట. నెవిల్‌కి ఆ స్కోన్ పళ్ళెం ఇంతసేపూ మోసినట్టే లేదు, గాలి అంది, గుర్తుపట్టింది, గాలిని గుర్తుపట్టింది. హాలు వెనక ఎవరో టీ కెటిల్ పెట్టారు, అది ఈల వెయ్యడానికి ముందు గొంతు సవరించుకునే చప్పుడు, వెన్న వాసన, ఎండలో తేలుతున్న దుమ్ము, ఇవన్నీ ఇవాళ ఉండటం ఎంత బాగుంది. కొబ్బరిపొడి కేకు మూలన ఎవరూ ముట్టుకోకుండా ఉంది, దానిమీద కూడా అతనికి ప్రేమ కలిగింది.

అప్పుడు పిట్టలు వచ్చాయి. ఒకటి, పక్కకు తప్పుకుంది. రెండు, సైకిలు ఇళ్ళ నీడలోకి తీసింది, తెలివి, అది ట్రూడీకి తట్టనేలేదు. మూడోది, పైనుంచి, వెనకనుంచి, సార్జెంట్. మూడూ ఒకేసారి తెరమీద. అంతే, రంగు పోయింది. ఎర్ర సైకిలు బూడిదరంగైంది, పసుపు హెల్మెట్, పచ్చగడ్డి, నీలం ఆకాశం, చర్చి ఇటుకలు, ఊరంతా బూడిద. కదులుతూనే ఉంది, చప్పుడు వస్తూనే ఉంది, రంగు మాత్రం లేదు. "నా టీవీ!" అని స్టామ్ లేచాడు, టీవీ పక్క మీద అరచేత్తో చరిచాడు, మళ్ళీ చరిచాడు. "ఎవర్రా నలుపుతెలుపు మీట తోసింది?" పెట్టె ముందు వంగి చూశాడు. మీట రంగు వైపే ఉంది. నెవిల్‌కి అర్థమైంది. మూడు పిట్టలూ కలిస్తే లెక్క ముగియడానికి ఒక గీత ఎక్కువ పడుతోంది. ఈ దేశపు డబ్బా టీవీలకు తెరకి సరిసంఖ్య గీతలు కావాలి, బేసి వస్తే రంగు వదిలేస్తాయి. ల్యాప్‌టాప్‌కి ఆ పట్టింపు లేదు, అది ఎన్ని గీతలిచ్చినా నవ్వుతూ రంగులేసుకుంటుంది. ప్రతి కొత్తవాడూ చేసే తప్పు, స్టామ్ ప్రతి కొత్తవాడికీ చెప్పే తప్పు, లెక్కల మాస్టారికి సరి బేసి తప్పింది. ట్రూడీ ఇక వదలదు. వదలకపోతే పోనీ. రేలీన్ చేతిలో ఉండగానే ఇలా కావాలా, ఆమె వీధులు ఆమె చేతికి ఇచ్చి మళ్ళీ ఇలా వెలిసిపోవాలా.

సార్జెంట్ హెల్మెట్‌ని కొట్టాడు. రేలీన్ కుర్చీలోనే తల వంచుకుంది. పిట్ట పైకి ఎగిరి తెర దాటిపోయింది, రెండే మిగిలాయి, ఎరుపు వచ్చింది, పసుపు వచ్చింది, గడ్డి పచ్చబడింది, వాన వెలిసినట్టు. ఆమె జాయ్‌స్టిక్ వదల్లేదు. తిరిగి అతన్ని చూసింది, ఇవాళ మొదటిసారి, కళ్ళు పెద్దవి చేసి. "నెవ్, ఇది నీకెలా తెలుసు?" అంది. "నేనెప్పుడూ నీకు చెప్పలేదే. అది వెనకనుంచి వస్తున్నప్పుడు, నీడ ముందు కనపడుతుంది చూడు, అప్పుడు రంగులన్నీ పోతాయి. ఒక్క క్షణం. రోడ్డు, చెట్లు, చేతులు, అన్నీ ఇలాగే అయిపోతాయి. దెబ్బ తగిలాకే మళ్ళీ వస్తాయి. అచ్చం ఇలాగే. ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని."

ఎవరూ నవ్వలేదు. స్టామ్ చెయ్యి టీవీ మీదే ఉండిపోయింది. నెవిల్‌కి నియమం గుర్తొచ్చింది, నియమం పక్కన పెట్టాడు. అవునని తలూపితే సరిపోతుంది, ఆమె కళ్ళు అలాగే పెద్దవిగా ఉండిపోతాయి. కానీ ఆమెకి అబద్ధం ఇచ్చి ఆమె నిజాన్ని తీసుకోవడమా. "నాకు తెలీదు రేలీన్," అన్నాడు. "అది తప్పు. ఒక గీత ఎక్కువైంది. స్టామ్‌కి తెలుసు." స్టామ్ తల గోక్కున్నాడు. "ఎక్కువైంది. వందసార్లు చెప్పాను వీడికి." "సరి బేసి, సార్!" అంది ట్రూడీ, ఆనందం పట్టలేక. "మరైతే సరిచేస్తావా?" అంది రేలీన్. "ఇవాళ రాత్రికే చేస్తాను, రెండు గంటల పని." "చెయ్యి," అంది ఆమె, "చేసి చూడు. షెడ్డుకి తాళం వేస్తాను." అని తెరవైపు తిరిగిపోయింది.

స్టామ్ గడియారం గంట కొట్టింది. అందరూ స్టామ్ వైపు చూశారు. అతను గడ్డం నిమురుకున్నాడు, కళ్ళు టీవీ మీద, ఆ టీవీ అతని సొంత బిడ్డ, రంగు పోతే అతనికి అవమానం. "ఆట ఆగలేదు," అన్నాడు. "బొమ్మ దొర్లలేదు. రంగు పోయిందంటే పోయింది. మన నియమంలో ఉన్నదేంటి, గంట కొట్టేటప్పటికి ఆడేవాడు ఆడుతూ ఉండాలి." రేలీన్‌ని చూశాడు. ఆమె గంట వినలేదు, నాలుక పంటికింద పెట్టుకుని కొత్త వీధిలోకి వంగుతోంది. "ఆమె చేతిలోంచి అది లాక్కునే దమ్ము ఇక్కడ ఎవరికైనా ఉందా? లేదుగా. అట్ట వేయించండి."

చప్పట్లు, ట్రూడీ ఈల, కెటిల్ ఈల, ఏది ఏదో తెలియలేదు. నెవిల్ టీ చల్లారిపోయింది, తాగేశాడు, ఇంత రుచిగా చల్లారిన టీ ఎప్పుడూ తాగలేదు. వెళ్ళి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. మెడ వెనక నెరిసిన వెంట్రుకలు, హెల్మెట్ లేదు, పుల్లలు లేవు. "ఎనిమిదో నంబరు," అంది ఆమె తిరక్కుండానే. "గేటు దగ్గర కుక్క ఉండాలి. కుక్కని మరిచిపోయావు నెవ్." కుక్క. క్యాసెట్‌లో ఇంక పదకొండు బైట్లే, పదకొండు గళ్ళవరసలు పట్టేంత చోటే, ఖాళీ ఉన్నాయి, కుక్క నడవాలంటే రెండు బొమ్మలు, కాళ్ళు మార్చే లెక్క, ఎక్కడ పడుతుంది, చర్చి గంట తీసేస్తే, లేదు, గంట ఉండాలి. "అది నడుస్తుందా?" అన్నాడు. "నడవడమా! ఆ ముసలిది లేచిందెప్పుడు? రోడ్డుకి అడ్డంగా పడుకునేది. దాని తోక తొక్కకుండా తిప్పుకుని పోవడం నా వల్లయ్యేది కాదు." పడుకునే కుక్క. పడుకుంటే నాలుగు వరసలు చాలు, చెవి ఒకటి, వీపు ఒకటి, పొట్ట ఒకటి, చాచిన తోక ఒకటి, నాలుగు బైట్లు. తోక తగిలిందో లేదో చూడటానికి ఇంకో నాలుగు. సరిపోయింది, సరిపోయింది! కదలని కుక్కని ఆ ఇంట్లో పెట్టి పుణ్యం కట్టుకున్నదెవరో. "ఇంకా మూడు మిగులుతాయి రేలీన్," అన్నాడు. "ఇంకేం కావాలి?"

"ఉండు," అంది ఆమె, ఎదురుగాలిలోకి సైకిలు తిప్పుతూ, "ఇంకా రెండు వీధులున్నాయి. అవ్వనీ, చెప్తాను."